బండి చేతికొచ్చిన తొలి ఏడాది

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా పేజీలు తిరగేస్తే మోటర్ సైకిల్ ప్రమాదం వార్త లేని వారం అరుదు. చనిపోయినవాళ్ళలో ఇంటర్ చదివే పిల్లవాడో, ఐటీఐ పూర్తిచేసి పనికి కుదిరిన కుర్రాడో, పెళ్ళై ఏడాది తిరగని యువకుడో ఉంటాడు. కారణం దగ్గర అతివేగం అని రాసి, కేసు నమోదైందని చెప్పి వార్త ముగుస్తుంది. ఊళ్ళో కూడా నాలుగు రోజులు అదే మాట నడుస్తుంది: పోరగాళ్ళు ఆగరు, చెప్తే వినరు. ఈ తీర్పులో కొంత నిజం ఉంది. కానీ దాంతో సరిపెట్టుకోవడం వల్ల అసలు కారణం మీదికి మన చూపు పోవడం లేదు. ఈ పిల్లల్లో ఎక్కువమందికి బండి కదిలించడం వచ్చు, ఆపడం రాదు. గేరు మార్చడం వచ్చు, ముందున్న దారిలో ఏం జరగబోతుందో పసిగట్టడం రాదు. ఎవరూ నేర్పలేదు. నేర్పడం తమ పని అని ప్రభుత్వమూ అనుకోలేదు, ఇంట్లోవాళ్ళూ అనుకోలేదు. కొత్తగా బండెక్కినవాడి తొలి ఏడాదిని నేర్చుకునే కాలంగా గుర్తించి, దానికి తగిన కట్టుబాట్లు పెట్టనంత వరకు, జరిమానాలు ఎన్ని పెంచినా ఈ చావులు తగ్గవని నా వాదన.

ముందు లెక్కలు చూద్దాం. కేంద్ర రవాణా శాఖ ప్రకటించిన 2022 నివేదిక ప్రకారం ఆ ఏడాది దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళు. మొత్తం మృతుల్లో 68 శాతం పల్లె ప్రాంతాల్లోనే పోయారు. అంటే ప్రమాదం అనగానే మన కళ్ళ ముందు మెదిలే హైదరాబాద్ ఫ్లైఓవర్ అసలు చిత్రం కాదు. తొర్రూరు దాటాక వచ్చే మలుపు, పరకాల దారిలో లారీ వెనక దుమ్ము, ఇవీ అసలు చిత్రం. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు 9,528 మంది ఆ ఒక్క ఏడాదే చనిపోయారు. తెలంగాణలో మొత్తం మృతులు 7,559. ఈ నివేదిక మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలో వేసింది. నిజానికి అతివేగం అన్నది ఎస్ఐ తన పరిశీలనలో రాసుకునే ఒక గడి. ఆ వేగంలో పోతున్నవాడు ఎన్నాళ్ళుగా బండి నడుపుతున్నాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు అన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు. అదే కుర్రాడు అదే అరవై వేగంలో మూడేళ్ళ తర్వాత అదే మలుపు క్షేమంగా దాటుతాడు. మరి మొదటి ఏడాది ఎందుకు దాటలేకపోయాడు?

దీనికి జవాబు నలభై ఏళ్ళ కిందటే దొరికింది. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ పరిసరాల్లో తొమ్మిది వందలకు పైగా మోటర్ సైకిల్ ప్రమాదాలను, జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. ప్రమాదంలో చిక్కిన బండిని నడపడం మొదలుపెట్టి ఐదు నెలలు కూడా నిండనివాళ్ళు అందులో సగానికి పైగా ఉన్నారు. 92 శాతం మంది పద్ధతిగా నేర్చుకున్నవాళ్ళు కారు. సొంతంగానో, ఇంటివాళ్ళ దగ్గరో, స్నేహితుల దగ్గరో పట్టు చిక్కించుకున్నవాళ్ళు. ఆపద కనిపించాక తప్పించుకోవడానికి వాళ్ళకు దొరికిన వ్యవధి మామూలుగా రెండు సెకన్లలోపే. ఆ రెండు సెకన్లలో వాళ్ళు చేసిందేమిటంటే వెనక బ్రేకును బలంగా తొక్కి జారిపోవడం, ముందు బ్రేకును సరిగా వాడకపోవడం. అక్కడి బండ్లు పెద్దవి, రోడ్లు వేరు, నిజమే. కానీ రెండు చక్రాల మీద బరువు ఎలా కదులుతుందో ఆ నేలకీ ఈ నేలకీ తేడా లేదు. కొత్త చేయి కంగారులో ఏం చేస్తుందో అందులోనూ తేడా లేదు.

మన ఊళ్ళలో తమ్ముడికి బండి నేర్పే ప్రతి అన్నా చెప్పే మొదటి మాట ఒకటుంది: ముందు బ్రేకు పట్టకు, పడతవ్. ఇసుక మీద, మలుపులో, చేయి ఒక్కసారిగా బిగిస్తే పడే మాట నిజమే. ఆ ఒక్క భయం నుంచి పుట్టిన సలహా జీవితాంతం అలవాటుగా మిగిలిపోతుంది. బండి ఆగేటప్పుడు బరువంతా ముందుకు ఒరుగుతుంది. ముందు చక్రం రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, వెనక చక్రం తేలికపడుతుంది. అందుకే ఆపే శక్తిలో ఎక్కువ పాలు ముందు చక్రానిదే. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదురుగా బర్రె కనిపించి, బ్రేకు వేయాలని తట్టి, చేయీ కాలూ కదిలేసరికి సెకనున్నర గడుస్తుంది; బండి అప్పటికే 25 మీటర్లు పోయి ఉంటుంది. పొడి తారు రోడ్డు మీద రెండు బ్రేకులూ సరిగా వేస్తే ఇంకో 20 మీటర్లలో ఆగవచ్చు. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే ఆ 20 కాస్తా దాదాపు 40 అవుతుంది. ఆ మిగతా ఇరవై మీటర్లలో ట్రాక్టర్ ట్రాలీ ఉంటే కథ ముగిసినట్టే. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త బండ్లలో 125 సీసీ లోపు వాటికి రెండు బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటు, ఆపై వాటికి చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి చేశారు. మంచి నిర్ణయం. కానీ కొత్తగా నేర్చుకునేవాడి చేతికి వచ్చేది షోరూం బండి కాదు. తండ్రి పదేళ్ళు నడిపి, బ్రేకు షూలు అరిగిన పాత బండి.

ఆ చేతికి ఈ మూడు జిల్లాల రోడ్లు పెట్టే పరీక్ష చిన్నది కాదు. జనగామ మీదుగా పోయే 163 నంబరు జాతీయ రహదారిని నాలుగు వరుసలు చేశాక కార్లు, బస్సులు వంద వేగంతో పోతున్నాయి. పక్క ఊరి సీసీ రోడ్డు నుంచి పాల క్యాన్లతో వచ్చే బండి నేరుగా దాని మీదికే ఎక్కుతుంది. డివైడర్‌లో దారి దూరంగా ఉంటే రాంగ్ రూట్‌లోనే పోతారు. నెమ్మదిగా కదిలే వాహనాలను చూసి దూరం అంచనా కట్టడానికి అలవాటుపడ్డ కంటికి, వంద వేగంతో వచ్చే కారు ఎంతసేపట్లో మీదికొస్తుందో తెలియదు. ఆ అంచనా అనుభవం వల్లే వస్తుంది. మహబూబాబాద్ వైపు వరంగల్–ఖమ్మం దారి తొర్రూరు, మరిపెడల మీదుగా లారీలతో నిండి ఉంటుంది. గూడూరు, కొత్తగూడ, గంగారం వైపు పోతే తండాలను, గూడేలను కలిపే ఇరుకు అడవి దారులు, రాత్రయితే దీపం ఉండదు. వానాకాలం నాట్లప్పుడు కేజీ వీల్స్ అనే ఇనుప చక్రాల ట్రాక్టర్లు రోడ్డెక్కి తారు చెక్కేస్తాయి, పొలం బురద మలుపుల్లో పేరుకుంటుంది. కోతలయ్యాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతారు. చీకటిపడ్డాక ఆ రాళ్ళు కనిపించవు. భూపాలపల్లి సంగతి మరీ ప్రత్యేకం. సింగరేణి బొగ్గు టిప్పర్లు, చెల్పూరు థర్మల్ కేంద్రానికి వచ్చిపోయే వాహనాలు, మహదేవ్‌పూర్, కాళేశ్వరం వైపు గోదావరి ఇసుక లారీలు, అన్నీ పరకాల–కాళేశ్వరం దారి మీదే. టిప్పరుకు ఎడమవైపు ఆనుకుని పోయే బండి డ్రైవరుకు కనిపించదన్న సంగతి కొత్తవాడికి ఎవరైనా చెప్తేనే తెలుస్తుంది.

ఎవరు చెప్పాలి? ఇక్కడ బండి నేర్చుకునే తీరు అందరికీ తెలిసిందే. పన్నెండు పదమూడేళ్ళకు కల్లం దగ్గర ఎక్సెల్ మోపెడ్ మీద మొదలవుతుంది. పదిహేనేళ్ళకు బాయి కాడికి మోటరు ఆపడానికి ఒక్కడే పోతాడు. పదహారు నిండేసరికి వెనక ఇద్దరిని ఎక్కించుకుని కాలేజీకి పోతాడు. లైసెన్స్ తీసుకునే నాటికి అయిదారేళ్ళ అనుభవం ఉంటుంది గానీ, అది తప్పులు గట్టిపడ్డ అనుభవం. చట్టం మాత్రం అతన్ని ఆ రోజే మొదటిసారి బండెక్కినవాడిగా చూస్తుంది: లెర్నర్ లైసెన్స్, ముప్పై రోజులయ్యాక పరీక్ష, ఎనిమిది అంకె గీత మీద కాలు కింద పెట్టకుండా తిప్పడం. నెమ్మదిగా బండిని నిలబెట్టగలడా అన్నది ఆ ఎనిమిది చెప్తుంది. యాభై వేగంలో ఆపగలడా, చౌరస్తాలో ఎటు చూస్తాడు, రాత్రి ఎదురు లైటు కళ్ళలో పడితే ఏం చేస్తాడు అన్నది అది చెప్పలేదు. 2016 అక్టోబరు 11న ఈ మూడూ కొత్త జిల్లాలయ్యాక రవాణా కార్యాలయాలు దగ్గరికొచ్చాయి, లైసెన్స్ కోసం దూరం పోయే బాధ చాలామందికి తప్పింది. కాగితం సులువైంది, చదువు మాత్రం మొదలుకాలేదు.

చట్టంలో మెట్లు అసలే లేవని కాదు. 1988 మోటారు వాహనాల చట్టం పదహారేళ్ళ పిల్లలకు 50 సీసీ మించని, గేర్లు లేని బండిని అనుమతించింది. చిన్న బండితో మొదలుపెట్టి పెద్ద బండికి ఎదగాలన్న తెలివైన ఆలోచన అది. కాలక్రమంలో అలాంటి పెట్రోలు బండ్లు మార్కెట్లోంచి దాదాపు మాయమైపోయాయి. చట్టంలో ఆ మెట్టు మిగిలింది, దాని మీద కాలు పెట్టడానికి బండి లేదు. ఇక పద్దెనిమిదేళ్ళకు గేర్ల బండి లైసెన్స్ వస్తే వంద సీసీ నుంచి ఎంత పెద్ద ఇంజనైనా అదే రోజు నడపవచ్చు. ఐరోపా దేశాల్లో అలా కుదరదు. 125 సీసీ, ఆపై మధ్యస్థాయి, ఆ తర్వాతే పెద్ద బండి అని వయసునూ అనుభవాన్నీ బట్టి మూడు అంచెలున్నాయి. బ్రిటన్‌లో 1990 నుంచి, కొత్తగా నేర్చుకునేవాడు రోడ్డెక్కాలంటే ముందు శిక్షకుడి దగ్గర ప్రాథమిక శిక్షణ పూర్తిచేయాలి. మనకూ ఒక మంచి నిబంధన ఉంది: లెర్నర్ లైసెన్స్ ఉన్నవాడు నేర్పేవాణ్ణి తప్ప ఇంకెవరినీ వెనక ఎక్కించుకోకూడదు. ఎల్ బోర్డు పెట్టుకోవాలి కూడా. ఈ జిల్లాల్లో మోటర్ సైకిల్‌కు ఎర్ర ఎల్ బోర్డు కనిపించడం ఎంత అరుదో చదివేవాళ్ళే చెప్పగలరు.

భూపాలపల్లివాళ్ళకు ఈ విషయం ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని లేదు. గనిలో పనికి కుదిరినవాడు నేరుగా బాయిలోకి దిగడు. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనల కింద ముందు శిక్షణ పూర్తిచేయాలి. సింగరేణి కుటుంబాల్లో వీటీసీ, అంటే వృత్తి శిక్షణ కేంద్రం, అన్న మాట తెలియని ఇల్లు ఉండదు. టోపీ ఎలా పెట్టుకోవాలి, దీపం ఎలా చూసుకోవాలి, పైకప్పు శబ్దం మారితే ఏం చేయాలి, ఇవన్నీ చెప్పాకే లోపలికి పంపుతారు. ఎంత ధైర్యవంతుడైనా, ఎంత జాగ్రత్తపరుడైనా, తెలియని చోటు ప్రమాదమే అన్న అవగాహన మీద ఆ పద్ధతి నిలబడింది. అదే యువకుడు షిఫ్టుకు పోవడానికి తెల్లవారుజామున చీకట్లో, టిప్పర్ల మధ్య నడిపే బండికి మాత్రం ఏ శిక్షణా అక్కర్లేదని మనం ఒప్పేసుకున్నాం. గనికి వర్తించే ఇంగితం గని గేటు బయట రోడ్డుకు ఎందుకు వర్తించదో నాకు అర్థం కాదు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటి. నేర్పితే మాత్రం వింటారా, తాగి నడిపేవాణ్ణి, రీల్స్ కోసం చక్రం పైకి లేపేవాణ్ణి ఏ శిక్షణ ఆపుతుంది అంటారు. వాళ్ళను ఆపాల్సింది పోలీసులే. తనిఖీలు తగ్గించాలని నేననడం లేదు. 2019 సవరణ తర్వాత చట్టంలోని 199ఎ సెక్షన్ మైనరుకు బండి ఇచ్చిన తల్లిదండ్రులకో యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు దాకా పోయింది. అంత కఠినమైన చట్టం పుస్తకంలో ఉన్నా ఇంటర్ కాలేజీల ముందు బండ్ల వరుస తగ్గలేదు. అంతకన్నా ముఖ్యం, దూకుడుగా నడిపేవాళ్ళనూ కొత్తవాళ్ళనూ ఒకే గాటన కట్టడం అన్యాయం. తల్లిని ఆసుపత్రికి తీసుకుపోతూ కంకర మీద బ్రేకు వేసి పడినవాడిది దూకుడు కాదు. వాడికి తెలియదు. తెలియకపోవడాన్ని తప్పుగా తేల్చి శిక్ష వేయడం సులభం, అందుకే ఆ పనే చేస్తున్నాం.

రెండో అభ్యంతరం బరువైనది, పరిశోధకుల నుంచే వచ్చింది. మోటర్ సైకిల్ శిక్షణ మీద జరిగిన 23 అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2010లో, శిక్షణ వల్ల ప్రమాదాలు తగ్గుతాయని గట్టిగా చెప్పేంత ఆధారం లేదని తేల్చింది. దీన్ని దాచి వాదించడం తగదు. ఆ సమీక్ష శిక్షణ వ్యర్థమని చెప్పలేదు, జరిగిన అధ్యయనాల నాణ్యత చాలదని చెప్పింది. అయినా అందులో మనకొక హెచ్చరిక ఉంది: ఒక రోజు క్లాసు చెప్పి సర్టిఫికెట్ చేతిలో పెడితే కుర్రాడికి నైపుణ్యం కన్నా ధీమా ఎక్కువ పెరగవచ్చు. అందుకే నేను అడుగుతున్నది క్లాసు ఒక్కటే కాదు, ప్రమాదానికి ఎదురుపడే సందర్భాలను తొలి నెలల్లో తగ్గించే మెట్ల పద్ధతి. న్యూజీలాండ్ 1987లో కొత్తవాళ్ళకు రాత్రిపూట నడపడం మీద, వెనక మనిషిని ఎక్కించుకోవడం మీద ఆంక్షలతో అంచెల లైసెన్స్ తెచ్చాక, 15–19 ఏళ్ళ మోటర్ సైకిల్ నడిపేవాళ్ళు గాయాలతో ఆసుపత్రుల్లో చేరడం తగ్గిందని అక్కడి పరిశోధకులు చూపించారు. నైపుణ్యం కుదిరేదాకా చీకటిని, బరువును, పెద్ద రోడ్డును దూరం పెట్టడమే దాని సారం.

మూడోది పేదల మాట. బస్సు రాని తండాలో పిల్లవాడు బండి తీయకపోతే చదువు ఆగుతుంది, కూలి పోతుంది, ముసలాయనకు మందు అందదు. ఆంక్షలు పెట్టడం ఊళ్ళలో ఉన్నవాడికే దెబ్బ అంటారు. ఈ మాటను నేను పూర్తిగా ఒప్పుకుంటాను, మొదటి సగం వరకు. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకంతో ఆడపిల్లలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది, కానీ బస్సే రాని ఊరికి ఆ ఉచితం చేరదు; ఉదయం సాయంత్రం కాలేజీ వేళకు ఒక పల్లెవెలుగు బస్సు నడపడం వంద హెల్మెట్ తనిఖీలకన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడగలదని నా నమ్మకం. అయితే బండి తప్పనిసరి అయినచోటే నేర్పడం మరింత తప్పనిసరి. నేర్పకపోతే పడే భారం కూడా పేదల మీదే పడుతుంది. తలకు బలమైన గాయమైతే ఇప్పటికీ ఎక్కువగా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో హైదరాబాద్‌కో పరుగెత్తాల్సిందే. కాళేశ్వరం నుంచి వరంగల్ వంద కిలోమీటర్ల పైమాట. 2025లో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల దాకా ఆదుకుంటుంది. తల గాయం ఖర్చు అక్కడితో ఆగదు. బండి యజమానికి బీమాతో వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవర్ ఆ యజమానికి చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉంటేనే వర్తిస్తుంది. బండి తండ్రి పేరున ఉండి కొడుకు నడుపుతూ పోతే అది ఆ కొడుక్కి వర్తించదు. ఎదుటి మనిషి చనిపోతే బీమా కంపెనీ ముందు పరిహారం కట్టినా, లైసెన్స్ లేనివాడికి బండి ఇచ్చిన యజమాని నుంచి తిరిగి రాబట్టుకోవచ్చని కోర్టులు చెప్తున్నాయి. రెండెకరాల రైతుకు దాని అర్థం ఆ రెండెకరాలే.

హెల్మెట్ గురించి కొత్తగా చెప్పాల్సింది తక్కువ. మరణం ముప్పును 42 శాతం, తల గాయం ముప్పును 69 శాతం తగ్గిస్తుందని ఇంకో కాక్రేన్ సమీక్ష 2008లోనే చెప్పింది. 2022లో హెల్మెట్ లేక చనిపోయినవాళ్ళు దేశంలో 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. ఆ వెనక కూర్చున్నవాళ్ళు చాలా ఇళ్ళలో భార్య, తల్లి, చెల్లె. నడిపేవాడు కొత్తవాడైనప్పుడు వాళ్ళ ప్రాణం ఆ కొత్త చేతుల్లో ఉంటుంది, తలకు ఏమీ ఉండదు. ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మకం 2021 జూన్ నుంచి నేరమైనా రోడ్డు పక్క దుకాణాల్లో అవి ఆగలేదు.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. చాలా మండలాల్లో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీ మైదానమో ఐటీఐ ఆవరణో ఉంది. రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్లు, ఆర్టీసీ డిపోల్లో రిటైరైన డ్రైవింగ్ శిక్షకులు, సింగరేణి వీటీసీలో బోధించినవాళ్ళు ఈ జిల్లాల్లోనే ఉన్నారు. లెర్నర్ లైసెన్స్ తీసుకున్నవాడు రెండు సెలవు రోజులు అక్కడికి వచ్చి, రెండు బ్రేకులతో ఆపడం, కంకర మీద ఆపడం, చౌరస్తాలో చూడడం, పెద్ద వాహనం పక్కన ఎక్కడ ఉండకూడదో తెలుసుకోవడం చేసి చూపాకే పరీక్షకు పంపాలి. ఆ పరీక్షలో ఎనిమిదితో పాటు నలభై వేగంలో గీత దగ్గర ఆపడం కూడా ఉండాలి. లైసెన్స్ వచ్చాక ఆరు నెలలు వెనక ఎవరినీ ఎక్కించుకోకుండా, చీకటిపడ్డాక జాతీయ రహదారి ఎక్కకుండా నియమం పెట్టాలి. కుటుంబంలో అత్యవసరం వస్తే మినహాయింపు ఉండాలి. పదహారేళ్ళవాళ్ళకు చట్టం ఇచ్చిన చిన్న మెట్టును, గంటకు 25 కిలోమీటర్లు మించని విద్యుత్ స్కూటర్లతో మళ్ళీ నిలబెట్టాలి. ఇప్పుడు వాటికి లైసెన్స్ అవసరమే లేదు. ఆ ఖాళీని శిక్షణతో నింపవచ్చు. ఇంట్లోవాళ్ళు చేయగలిగింది కూడా ఒకటుంది: కొడుక్కి బండి ఇచ్చే ముందు బ్రేకు షూలు, టైర్లు, వెనక లైటు మెకానిక్‌కు చూపించడం.

ఇవన్నీ రేపే రాష్ట్రమంతా చేయమనడం లేదు. కలెక్టర్ల అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీలు ఉన్నాయి, సమావేశాలు జరుగుతున్నాయి. వాటిలో ప్రమాదకర మలుపుల మీద చర్చ ఉంటుంది, అది అవసరమే. మలుపుతో పాటు మనిషిని కూడా చూడమని అడుగుతున్నాను. ప్రతి మోటర్ సైకిల్ ప్రమాదంలోనూ పోలీసులు ఎలాగూ వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేస్తున్నారు. అందులో మూడు ప్రశ్నలు కలపమనండి: నడుపుతున్నవాడు ఈ బండిని ఎన్ని నెలలుగా నడుపుతున్నాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, లైసెన్స్ ఏ తేదీన వచ్చింది. ఈ మూడు జిల్లాల్లో ఒక్క ఏడాది ఆ వివరాలు రాస్తే, శిక్షణ ఏ మండలంలో, ఏ కాలేజీ మైదానంలో ముందు మొదలుపెట్టాలో కమిటీ ముందున్న కాగితమే చెప్తుంది.